ఆఫ్రికాలో ఏడాది వాలంటీరుగా పనిచేయాలనుంది, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి (చెన్నై)

ఓఎంఆర్ శ్రీను:
అందరికీ నమస్కారం. షోలింగనల్లూరులో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వయసు 29. ఒక ఏడాది ఉద్యోగం పక్కనపెట్టి ఆఫ్రికాలో ఎక్కడైనా వాలంటీరుగా చేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. నాలుగు డౌట్లు. యూఎన్ వాలంటీర్‌కి ఎలా అప్లై చేయాలి? మన గవర్నమెంటే పంపే స్కీము ఏదైనా ఉందా? మన జేబులోంచి ఎంత పడుతుంది? తిరిగొచ్చాక ఆ ఏడాది గ్యాప్‌ని హెచ్చార్‌వాళ్లు ఎలా చూస్తారు? నాలుగోదే అసలు టెన్షన్. ఒంగోలులో అమ్మకి ఇంకా చెప్పలేదు.

కోడంబాక్కం కవిత:
డబ్బు కట్టించుకునే ఏజెన్సీల జోలికి మాత్రం పోకు తమ్ముడూ. నేను కాలేజీ అయిపోగానే లక్షన్నర కట్టి రెండు వారాలు కెన్యా వెళ్లాను, టికెట్ కాక. అనాథ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాలన్నారు. మొదటి రోజు బోర్డు మీద ఏ అని రాశానో లేదో, పిల్లలంతా జడ్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశారు. ఆ నెలలో నేను మూడో టీచర్నట, ముందు వచ్చిన ఇద్దరూ ఏబీసీడీలే చెప్పి వెళ్లారు. చివరి రోజు నాకు వీడ్కోలు పాట పాడారు. ఎంత బాగా పాడారంటే, అప్పుడే అర్థమైంది నాకు, అది వాళ్లు ప్రతి పదిహేను రోజులకీ పాడే పాటని. ఇంటికొచ్చి ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

గ్లోబల్ గోపి:
ఈ ఫీల్డులో పదిహేనేళ్లుగా ఉన్నాను, పద్నాలుగు దేశాలు తిరిగాను, కాబట్టి కొంచెం క్లియర్‌గా చెబుతా. యూఎన్ వాలంటీర్స్ హెడ్డాఫీసు జర్మనీలో బాన్‌లో ఉంటుంది. 18 నుంచి 26 వరకు యూత్, 27 దాటితే స్పెషలిస్ట్, 35 దాటితే ఎక్స్‌పర్ట్. నువ్వు స్పెషలిస్ట్ కిందకి వస్తావు. వాళ్ల సైట్లో ప్రొఫైల్ పెట్టుకుని, నీకు సరిపడే పోస్టు పడ్డప్పుడల్లా అప్లై చేస్తూ ఉండాలి. ఫీజు ఉండదు, ఎవడైనా ఫీజు అడిగాడంటే వాడు దొంగ. నెలనెలా లివింగ్ అలవెన్స్, రానుపోను టికెట్, ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారు. సేవ చేయాలనుంది అని పేజీ నిండా రాస్తే ఎవరూ చదవరు, ఏం పని వచ్చో రాయి. ఇంటి దగ్గరుండి చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా ఉంది, ముందు అది ఒకటి చేసి చూడు.

మాంబళం మిర్చి:
నెలనెలా డబ్బులు తీసుకుంటూ వాలంటీరు ఏంటి సార్? దాన్ని మా ఊళ్లో ఉద్యోగం అంటారు.

తాంబరం మాస్టారు:
మిర్చి గారూ, మరి తిండి ఎవరు పెడతారు? నేను ఇథియోపియాలో నాలుగేళ్లు ఒక గవర్నమెంటు యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చెప్పాను. మా డిపార్ట్‌మెంటులో తెలుగువాళ్లమే ఐదుగురం. శ్రీను బాబూ, అక్కడికి వెళ్తే ముందు గడియారం సంగతి తెలుసుకో. వాళ్లకి రోజు తెల్లవారుజామున మొదలవుతుంది, మనకి పొద్దున ఏడయితే వాళ్లకి ఒంటిగంట. మొదటి వారంలో రెండింటికి క్లాసన్నారు కదా అని భోంచేసి, ఓ కునుకు తీసి, రెండింటికి వెళ్లాను. ఒక్కడంటే ఒక్కడు లేడు. క్లాసు పొద్దున ఎనిమిదికట! నెలలు పదమూడు, మన లెక్క కంటే ఏడెనిమిదేళ్లు వెనక. జాయినింగ్ లెటర్ మీద సంవత్సరం చూసి మా ఆవిడ ఇదేదో పాత కాగితమని పారేయబోయింది.

మాంబళం మిర్చి:
మాస్టారూ, మీరు వెళ్లింది డాలర్ల జీతానికి. తప్పు లేదు, నేనైనా వెళ్తాను. కానీ దాన్ని తీసుకొచ్చి సేవ గురించి అడిగినచోట పెట్టకండి. ఇథియోపియా వెళ్లిన మనవాళ్లలో సగంమంది ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికే వెళ్లారు.

తాంబరం మాస్టారు:
అవునండీ, కట్టుకున్నాను, తెనాలిలో, డూప్లెక్సు. దాచుకోవాల్సిందేముంది? నా దగ్గర చదివిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు అదే యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు. రెండు వారాలుండి ఫోటో దిగి వచ్చినవాళ్ల సేవ కంటే జీతం తీసుకుని నాలుగేళ్లు ఉన్నవాడి ఉద్యోగం తక్కువా?

కోడంబాక్కం కవిత:
మాస్టారు గారూ, అది నన్నేనా అన్నది?

తాంబరం మాస్టారు:
అయ్యో లేదమ్మా, మిర్చి గారికి చెబుతున్నా.

మాంబళం మిర్చి:
నేను ఎక్కడికీ వెళ్లలేదు సార్, నాకు పాస్‌పోర్టే లేదు. 2015 వరదల్లో సైదాపేటలో నాలుగు రోజులు నడుముల్లోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోశాం. ఎవరూ అలవెన్స్ ఇవ్వలేదు.

గ్లోబల్ గోపి:
నాలుగు రోజులకి అలవెన్స్ అక్కర్లేదు, నాలుగు నెలలు మోయాలంటే కావాలి. ఇది ఎకనామిక్స్, మీకు చెప్పినా అర్థం కాదు.

మాంబళం మిర్చి:
పద్నాలుగు దేశాలు తిరిగి నేర్చుకున్న మర్యాద ఇదా?

నెల్లూరు నర్సమ్మ:
మీరిద్దరూ కాసేపు ఆగండి. శ్రీనూ, నేను సౌత్ సూడాన్‌లో జుబాలో యూఎన్ వాలంటీరుగా ఏడాదిన్నర చేశాను. కంటైనర్ గదిలో మకాం, చీకటి పడితే గేటు దాటడానికి లేదు. అలవెన్స్ సరిపోతుంది, మిగలడం నీ చేతిలో ఉంది. బయల్దేరేముందు యెల్లో ఫీవర్ టీకా వేయించుకో, చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కో, పాస్‌పోర్టు తీసుకెళ్లు. టీకా వేసినట్టు ఇచ్చే యెల్లో కార్డు పదో రోజు నుంచే చెల్లుతుంది, చివరి వారం దాకా నాన్చకు. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే ఇక్కడ మనల్నే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

గ్లోబల్ గోపి:
యెల్లో కార్డు పదేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఇది ఎవరూ చెప్పరు.

నెల్లూరు నర్సమ్మ:
ఎవరూ చెప్పకపోవడానికి కారణం ఉంది గోపీగారూ, ఆ రూలు పోయింది. 2016 జులై 11 నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్లని రాసున్నా సరే.

గ్లోబల్ గోపి:
ఒక ఎయిర్‌పోర్టులో నన్ను ఆపారు మేడం, స్వానుభవంతో చెబుతున్నా.

నెల్లూరు నర్సమ్మ:
ఆపినవాడికి తెలియకపోతే రూలు మారుతుందా? ఇంకొకటి. తిరిగొచ్చాక జ్వరమొస్తే ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకి మొట్టమొదట చెప్పాలి. నాకు వచ్చిన మూడో వారంలో వచ్చింది. వడపళనిలో ఒక క్లినిక్‌లో డెంగీ అన్నారు, మూడు రోజులు దానికే సెలైన్లు పెట్టారు. నేనే పట్టుబట్టి స్మియర్ (రక్తపరీక్ష) చేయిస్తే ఫాల్సిపరం మలేరియా, ప్రాణాల మీదికి తెచ్చే రకం. నర్సుని కాబట్టి బతికాను.

పెరంబూరు తాతయ్య:
చిన్నప్పుడు మా ఊరికి (గూడూరు దగ్గర) ఒక అమెరికా కుర్రాడు వచ్చాడు. పీస్ కోర్ అనేవాళ్లు, అమెరికా గవర్నమెంటు వాలంటీర్లని బయటి దేశాలకి పంపే సంస్థ, 1961లో కెన్నెడీ పెట్టింది. మన దేశంలో 1976 దాకా ఉన్నారు. ఆ పిల్లవాడు కోళ్ల పెంపకం నేర్పడానికి వచ్చాడు. పంచె కట్టేవాడు, "ఏమండీ బాగున్నారా" అని అందర్నీ పలకరించేవాడు, మేకల్ని కూడా. కోళ్లకి ఏదో తెగులొచ్చి సగం పోయాయి. అయినా మా మేనమామకి ఆ పని పట్టుబడింది, తర్వాత ఆయన షెడ్డు మీదే ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఆ కుర్రాడు వెళ్లిపోయేప్పుడు మా అమ్మమ్మ ఏడ్చింది. అప్పుడు మనం పుచ్చుకునేవాళ్లం, ఇప్పుడు మనవాళ్లు వెళ్తున్నారు. వెళ్లు బాబూ, ముందు అమ్మకి చెప్పి వెళ్లు.

ఓఎంఆర్ శ్రీను:
థాంక్స్ తాతయ్యా. నర్సమ్మగారూ, టీకా సంగతి రాసుకున్నాను. మన గవర్నమెంటు స్కీము గురించి, గ్యాప్ గురించి ఎవరైనా?

గ్లోబల్ గోపి:
గవర్నమెంటుది ఐటెక్ (ఇండియన్ టెక్నికల్ అండ్ ఎకనామిక్ కోఆపరేషన్). 1964లో మొదలైంది, 160 దేశాలదాకా దాని కింద ఉన్నాయి. అప్లై చేసేయ్.

తరమణి తులసి:
గోపీగారూ, అతన్ని దారి తప్పించకండి. నేను తరమణిలోనే ఉంటాను. అక్కడ టీచర్ ట్రైనింగ్ సంస్థ ఎన్‌ఐటీటీటీఆర్‌లో ఐటెక్ కోర్సులకి వచ్చే ఆఫ్రికావాళ్లు మా వీధి బజ్జీ బండి దగ్గర రోజూ కనిపిస్తారు. ఐటెక్ అంటే ముఖ్యంగా వాళ్లని ఇక్కడికి రప్పించి నేర్పడం, టికెట్టు, బస, ఖర్చులు మన గవర్నమెంటువి. నిపుణుల్ని అక్కడికి పంపడం కూడా ఉంది, కానీ అది ఆ దేశం అడిగితే. పీస్ కోర్‌లాగా కుర్రాళ్లని వాలంటీర్లుగా పంపే స్కీము కాదు. రాజస్థాన్ తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అని ఉంది, చదువురాని ఆఫ్రికా అమ్మమ్మలు ఐటెక్ మీద వచ్చి ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం నేర్చుకుని వెళ్లారు. భాష లేదు, సైగలు, వైర్ల రంగులు, అంతే. శ్రీను అక్కడికెళ్లి ఏం టెస్టింగ్ చేస్తాడో నాకైతే తెలియదు.

మాంబళం మిర్చి:
పద్నాలుగు దేశాలాయన మళ్లీ దొరికిపోయాడు!

గ్లోబల్ గోపి:
ఇలాంటి చోట మాట్లాడటం నాది బుద్ధి తక్కువ. సెలవు.

తాంబరం మాస్టారు:
పోనీలెండి గోపీగారూ, అలగకండి. తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంజెరా అని మన అట్టులాంటిది ఉంటుంది, టెఫ్ పిండిది, పుల్లగా. మొదటి నెల నోట్లో పెట్టుకోలేకపోయాను, తర్వాత మా ఆవిడ దాంట్లో కందిపచ్చడి నంజుకునేది. పచ్చళ్లు మాత్రం తీసుకెళ్లాల్సిందే.

నెల్లూరు నర్సమ్మ:
జుబాలో కర్కదే అని ఎర్రటి షర్బత్ ఇచ్చేవాళ్లు. తాగితే ఎక్కడో తెలిసిన పులుపు. అడిగితే ఎండబెట్టిన కాయలు చూపించారు. గోంగూర కాయలు! మనం ఆకు తింటాం, వాళ్లు కాయ మీది ఎర్ర రేకలు మరిగించి తాగుతారు. బజారంతా వెతికి ఆకు పట్టుకుని పప్పు చేస్తే మా మెస్సులో నేపాలీ వాలంటీరు రెండుసార్లు వడ్డించుకుంది.

మాంబళం మిర్చి:
అది ఎర్ర గోంగూరేనా, తెల్లదా? తెల్లది అయితే పులుపు ఉండదు.

తాంబరం మాస్టారు:
తెల్లదానికీ పులుపు ఉంటుందండీ, తక్కువ. గుంటూరువాణ్ణి నాకు చెప్పకండి.

కోడంబాక్కం కవిత:
కోయంబేడులో వచ్చేదంతా ఏ రకమో కనీసం అది తేల్చండి, ఆరేళ్లుగా ఒక్క కట్టా సరిగ్గా దొరకలేదు.

ఓఎంఆర్ శ్రీను:
అమ్మకి చెప్పేశాను. ఏడవలేదు, అక్కడ పెరుగు దొరుకుతుందా అని అడిగింది. గ్యాప్ సంగతి ఎవరైనా చెబుతారా ప్లీజ్?

నెల్లూరు నర్సమ్మ:
పెరుగు దొరుకుతుందని చెప్పు. తోడు మాత్రం నువ్వే తీసుకెళ్లాలి, ఎండుమిరప తొడిమలైనా సరే.