డైరెక్ట్ సెల్లింగా (సరుకు నేరుగా అమ్మే వ్యాపారమా), గొలుసుకట్టా (మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీమా)? ప్లాన్ చూసి ఎలా తేల్చుకోవాలి?

కొత్త_ఐడీ: రూ.12,500 పెట్టి వెల్‌నెస్ కిట్ కొంటేనే ఐడీ (సభ్యత్వ నంబరు) ఇస్తారట. ఎడమన ఒకరు, కుడిన ఒకరు చేరితే జతకు రూ.1,000. జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ చూపించారు. సరిపోతుందా?

పద్దుపుస్తకం: సరిపోదు. ఆ కాగితాలు కంపెనీ ఉందని చెప్తాయంతే, ప్లాన్ సంగతి చెప్పవు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు, డెమో సామానుకూ డబ్బు అడగకూడదు. కిట్ కొంటేనే ఐడీ అంటే ప్రవేశ రుసుముకి ముసుగేసినట్టే.

ఇక మీ లెక్క. రూ.12,500 వెనక్కి రావాలంటే 13 జతలు కావాలి. కింద మూడు వరుసలు పూర్తిగా నిండినా 7 జతలే, నాలుగో వరుస కూడా నిండితే 15. అంటే కింద నాలుగు వరుసలు లేనివాళ్లు, ఎప్పుడు చూసినా చివరి నాలుగు వరుసలవాళ్లు, నష్టంలోనే ఉంటారు. చెట్టు ఎంత పెరిగినా వాళ్లు నూటికి 94 మంది దాకా ఉంటారు.

గుంటూరు_మిర్చి: కిట్‌లో సరుకు ఉంటుంది కదా, మొత్తం నష్టమెలా?

పద్దుపుస్తకం: ఐడీ ఆశ లేనివాడు అదే డబ్బాను అదే ధరకు కొంటాడా? పొడి గ్రాముకు ఎంత పడుతుందో మందుల షాపు ధరతో పోల్చండి. తేడా ఎంతుంటే కమిషన్లకు పోయేది దాదాపు అంత.

కోర్టుమెట్లు: అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. 1979లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ ఆమ్‌వేను పిరమిడ్ (గొలుసుకట్టు) కాదన్నది కొన్ని షరతులు చూసే: కొన్న సరుకులో 70 శాతం అమ్మాలి, నెలకు పదిమంది కస్టమర్లు ఉండాలి, మిగిలినది వెనక్కి తీసుకోవాలి. అదే ఆమ్‌వే ఇక్కడి ప్లాన్ 1978 నాటి మనీ సర్క్యులేషన్ (సభ్యుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీముల) నిషేధ చట్టం కిందికి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. కాబట్టి పేరు కాదు, ప్లాన్ చదవండి. అడగాల్సింది ఒక్కటే: "ఎవర్నీ చేర్చకుండా నెలకు రూ.10,000 సరుకు బయటివాళ్లకు అమ్మితే నాకెంత?" అంకె చెప్పకుండా కార్ల ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

ఇంకోటి, ఆ చట్టంలో నిషేధం నడిపేవాళ్లకే కాదు, సభ్యుడిగా చేరినా, డబ్బు పంపినా వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా. బావమరిదిని చేర్పించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

కొత్త_ఐడీ: ఇప్పటికే కట్టేసినవాళ్లు?

రసీదుల_సంచి: కిట్ సీలు విప్పకండి, విప్పితే వాపసు లేదంటారు. ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకుని రద్దు చేసుకునే గడువు) చూసి, రద్దు కోరుతూ ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో మాట్లాడితే ఆధారం ఉండదు. ఫిర్యాదు అధికారి పేరు వెబ్‌సైట్‌లో ఉండాలి. 48 పని గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, మామూలుగా నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

చాలామంది చిక్కేది ఎక్కడంటే, డబ్బు అప్‌లైన్ (తమను చేర్పించిన పైవాడి) సొంత ఫోన్‌పేకి పంపేస్తారు. కంపెనీ పేరు మీద బిల్లు ఉండదు, "మాకు అందలేదు" అంటారు. అలా పంపి ఉంటే యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తు నంబరు), ప్లాన్ పీడీఎఫ్, గ్రూపులోని వాయిస్ మెసేజీలు ఈరోజే దాచుకోండి. మీరు వాపసు అడగ్గానే గ్రూపులోంచి తీసేస్తారు.