గల్ఫ్ నుంచి వచ్చే పెట్టె: అమ్మకు ముఖం చూపించాలా, వద్దా?

జగిత్యాల: మా బాపు దుబాయ్‌లో చనిపోయి 18 రోజులైంది. రేపు తెల్లారి శవం శంషాబాద్‌కు వస్తుంది. అమ్మ "ఒక్కసారి ముఖం చూడనియ్యుండ్రి" అంటోంది. మేనమామలేమో పెట్టె తెరవొద్దు, నేరుగా కాష్టం దగ్గరికే అంటున్నారు. కొరివి పెట్టేది నేను. ఏం చేయాలి?

హన్మకొండ: వద్దు తమ్మీ. మా చిన్నోడు బావిలో పడి రెండో రోజు తేలాడు. అందరూ ఆపినా చూశాను. పదేళ్లైంది. వాడి పెళ్లి ఫొటో తీసినా ఆ ముఖమే అడ్డొస్తుంది.

పరకాల: నేను ఒప్పుకోను అక్కా. 2020లో కరోనాతో నాన్న పోతే సంచిలో చుట్టి ఇచ్చారు. ముఖం వైపు జిప్పు తీసి చూపించవచ్చని ఆ మార్చిలోనే కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో ఉంది. మాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. అమ్మ ఇప్పటికీ రాత్రి గేటు చప్పుడైతే లేచి కూర్చుంటుంది. "అండ్ల ఉన్నది మీ నాయనేనని ఎవరు చూసిండ్రు?" అంటుంది. ఏం చెప్పను?

సిరిసిల్ల: అక్కా, నీళ్లలో నానిన శవం వేరు, గల్ఫ్ నుంచి వచ్చేది వేరు. మా వాడలో ఇలాంటి పెట్టెలు మూడు దింపాను. తమ్మీ, కాగితాల్లో ఎంబామింగ్ సర్టిఫికెట్ ఉంటుంది చూడు. అంటే శవం పాడవకుండా ఫార్మలిన్ అనే మందు ఎక్కించారన్నమాట. మూత తీయగానే దాని ఘాటుకు కళ్లు మండుతాయి, కాసేపు ఆరుబయట వదిలేయండి. ముందు నువ్వు, ఇంకో పెద్దమనిషి చూడండి. శవాలు తారుమారైన కేసులు పేపర్లో చదివాం కదా, ఎవరో ఒకరు చూడక తప్పదు. తర్వాత అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు: నల్లబడ్డాడు, కట్టెలా బిగుసుకుపోయాడు అని. అప్పుడు అడుగు. ముఖం బాగాలేకపోతే బట్ట కప్పి చేయి చూపించు. మేనమామలు కాదు చెప్పాల్సింది, ఆమే. ఇంకోటి, దింపుడు కల్లం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి కదా. పెట్టె మూసే ఉంటే ఎవరి చెవిలో పిలుస్తావు?

హన్మకొండ: చెప్పినంత తేలిక కాదన్నా. మూత లేస్తే ఊరంతా మీద పడుతుంది, ఫోన్లు తీస్తారు.

సిరిసిల్ల: అది నిజం. ఇద్దరు పోరగాళ్లను ఫోన్ల మీద కాపలా పెట్టండి. స్క్రూడ్రైవర్ కూడా ముందే తెచ్చుకో. మొదటిసారి మేం తెల్లారి నాలుగింటికి ఇంటింటికీ తిరిగి వెతికాం.

జగిత్యాల: స్క్రూడ్రైవర్ తెచ్చాను. అమ్మను ఇప్పుడే అడిగాను. ముఖం లేకపోయినా సరే, చేయి చాలంది. ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంటుందట. నాకు తెలియదు.