ఈ వారం సమస్య: నడక మానినవాడె ముందరికి జేరె

ఉగాది దగ్గర పడింది. కన్నడ భక్తులు నల్లమల దారి పట్టే రోజులు. వందల కిలోమీటర్లు కాలినడకన వచ్చి, ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరతారు. అందుకే ఈసారి దారి మీదే సమస్య ఇచ్చాను. పద్యానికి చివరి పాదం ఇది; పై మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, అదే పూరణ:

నడక మానినవాడె ముందరికి జేరె

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం అక్కడ రావాలి. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. అరసున్నలు పెట్టకపోయినా ఏమీ అనను.

సమస్య పెట్టిన గంటకే ఒక మిత్రుడు పట్టుకున్నాడు: "అయ్యా, మొదట ‘న’, నాలుగో గణంలో ‘ద’. ఇదేం యతి? సమస్యే తప్పు ఇచ్చారు!" తప్పు కాదు. గణాలు విడదీయండి: నడక – మానిన – వాడె ముం – దరికి – జేరె. ‘ద’ ముందు నిండు సున్న ఉంది. అది బిందుయతి, ‘న’తో చెల్లుతుంది. అడిగినందుకు మాత్రం సంతోషం.

ఒంగోలు పెద్దాయన పూరణ:

నెమలి నెక్కి కుమారుడు నింగి దిరుగ
తల్లిదండ్రుల జుట్టెను దంతిముఖుడు
కొండ విడిచి యడుగిడక గొప్ప నొందె
నడక మానినవాడె ముందరికి జేరె

ఛందస్సుకు వంక లేదు. కానీ పెద్దాయనా, ఈ వినాయకుడు మీకొక్కరికే తట్టలేదు. వచ్చిన పూరణల్లో సగం ఆయనవే. సమస్య చూడగానే ఎవరికైనా ముందు తోచేది అదే, అందుకే దాన్ని కాసేపు పక్కన పెట్టి ఆలోచించమంటాను. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రదక్షిణం చేశాడంటే నడిచినట్టే కదా! మానింది ఎక్కడ?

అసలు శ్రీశైలం కథ దీనికి అవతలి వైపు. పందెంలో ఓడిన కుమారస్వామి అలిగి క్రౌంచగిరికి పోయి కూర్చుంటే, కొడుకు కోసం పార్వతీ పరమేశ్వరులు అక్కడికి వచ్చారని, అలా మల్లికార్జునుడు వెలిశాడని పురాణం. ఆ వైపు నుంచి నేనూ ఒకటి ప్రయత్నించాను:

అలిగి కొండపై గూర్చున్న యతని కొఱకు
తల్లిదండ్రులె వచ్చిరి తరలి తరలి
షణ్ముఖుని జూచి నేర్చితి సత్యమొకటి:
నడక మానినవాడె ముందరికి జేరె

దీన్ని కర్నూలు మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "వచ్చింది తల్లిదండ్రులైతే ముందరికి చేరింది కొడుకెలా అవుతాడు? అన్వయం కుదరలేదు. పైగా మూడో పాదం ఉత్త ఊతకర్ర." నిజమే. ‘సత్యమొకటి’ అని రెండు చుక్కలు పెట్టి సమస్యను తగిలించడం పాత చిట్కా. ఎవరైనా చేస్తే నేనే కోప్పడతాను. ఒప్పుకుంటున్నాను.

డల్లాస్ తమ్ముడి పూరణ (మొదటిసారి రాస్తున్నాడట):

నడిచి నడిచి పాదములకు పొక్కులొచ్చె
బస్సు వచ్చిన నెక్కితి బడలికెల్ల
తీర కునుకు దీసి దిగితి దేవళమున
నడక మానినవాడె ముందరికి జేరె

చదివి నవ్వుకున్నాను. ‘బడలికెల్ల’ తర్వాత పాదం మారి ‘తీర’ అనడం బాగుంది, పద్యం ఆగకుండా సాగింది. మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. ‘న’కీ ‘పొ’కీ కుదరదు. ‘వచ్చె’ను ‘ఒచ్చె’గా చేసి కలపడం మాటల్లో సరే కానీ పద్యంలో కంటికి గుచ్చుకుంటుంది. ఇలా మార్చి చూడు:

పాదములు బొబ్బలెక్కెను బాటలోన

పొక్కులు రావడం కంటే కాళ్ళు బొబ్బలెక్కడమే మన నుడికారం, యతీ దానంతటదే పడింది. ఇంకో మాట. ఆ అడవి బాటలో బస్సు ఎక్కడ దొరుకుతుంది? దోర్నాల ఘాట్ రోడ్డు మీద అనుకుంటే సరిపోతుంది.

కర్నూలు మాస్టారి పూరణ:

అలసి పడియున్న యవ్వకు నడుగు లొత్తి
బిందె నీళ్ళను దెచ్చి తా బిలిచి పోసె
మల్లికార్జునుడది మెచ్చె, మనుజులందు
నడక మానినవాడె ముందరికి జేరె

కొత్తవాళ్ళు అడగకముందే చెబుతాను: మొదటి పాదంలో ‘అ’కు ‘న’తో యతి కాదు. ‘అవ్వకున్ + అడుగులు’, కాబట్టి అచ్చుకు అచ్చే. మాస్టారు అన్వయం గురించి నన్ను పట్టుకున్నారు కాబట్టి నేనూ వదలను. ‘మనుజులందు’ ఎందుకొచ్చింది? ‘మ’ కావాలి కాబట్టి వచ్చింది. ‘మార్గమందు’ అంటే యతీ ఉంటుంది, దారిలో ఆగాడనే అర్థమూ వస్తుంది. మాస్టారు వెంటనే "సరే, మార్చుకున్నాను" అన్నారు.

‘అవ్వ’ మాట దగ్గర రాయచూరు మిత్రుడు ఆగాడు. మనకు అవ్వ అంటే ముసలమ్మ, అక్కడి పల్లెల్లో తల్లిని కూడా అవ్వ అంటారని గుర్తు చేశాడు. భ్రమరాంబను కన్నడిగులు తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. పసుపు కుంకుమలు, చీర పట్టుకుని పుట్టింటివాళ్ళలా వస్తారు. అలా చూస్తే దారిలో పడిపోయిన ఆ అవ్వ అల్లుడిగారింటికి నడిచి వెళుతున్న తల్లి. మాస్టారు ఇంత అనుకుని రాశారో లేదో కానీ, నాకు మాత్రం పద్యం రెట్టింపయింది. ఇదే మిత్రుడు ఒక చిలిపి ప్రశ్న కూడా వేశాడు: కట్టెకాళ్ళ మీద వచ్చే భక్తులు నడిచినట్టా, నడక మానినట్టా? పద్యం చేసి పంపమన్నాను. ఇంకా రాలేదు.

ఆత్మకూరు అక్క పూరణ:

కోడి కూయక మునుపె తా గుడిసె విడిచి
పెచ్చెరువు గట్టు మఱ్ఱికి వీపు నాన్చి
మాపు వేళకు లేచెను, మండుటెండ
నడక మానినవాడె ముందరికి జేరె

ఇదీ విరుపంటే! సమస్యలోని ‘నడక’ను పై పాదం చివరి మాటకు అంటగట్టేసింది. మానింది నడకను కాదు, మండుటెండ నడకను. దేవుళ్ళు లేరు, నీతి లేదు, సమస్యలో వైరుధ్యం ఒక్క మాటతో విడిపోయింది. ఉగాది ఎండలో బండరాళ్ళ మీద నడిచినవాళ్ళకు ఇది కవిత్వం కాదు, లెక్క. మధ్యాహ్నం మొండిగా నడిచినవాడు సాయంత్రానికి కాళ్ళు పట్టేసి కూలబడతాడు. భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారం దాకా మెట్లెక్కడానికి మోకాళ్ళలో ఏమీ మిగలదు. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు కానీ, మోకాళ్ళు మనవే తెచ్చుకోవాలి.

డల్లాస్ తమ్ముడు ఇక్కడ అక్కను దొరకబుచ్చుకున్నాడు: "అక్కా, వీపు నాన్చడం ఏమిటి? చెమటలోనా, చెరువులోనా?" ‘వీపును ఆన్చి’ అని అక్క ఉద్దేశం. కలిపేసరికి పప్పు నానబెట్టినట్టు వినబడింది. ‘వీపు జేర్చి’ అంటే ఏ గొడవా లేదు, గణమూ అదే. అక్క మార్చింది.

"గట్టు మీద నిజంగా మఱ్ఱి ఉందా?" అని మాస్టారి ప్రశ్న. అక్క జవాబు: "చెరువు నిజం మాస్టారూ. మఱ్ఱి నేను నాటాను. పడుకోబెట్టినవాడికి నీడ ఇవ్వొద్దా?"

ఈ వారం మెచ్చు పద్యం అక్కదే. మాస్టారిది వెన్నంటే ఉంది, ‘మార్గమందు’ ఆయనకే తట్టి ఉంటే తేల్చుకోవడం కష్టమయ్యేది.

వచ్చే వారానికి ఆటవెలది, నాలుగో పాదం:

చెప్పులున్నవాడె చేరలేదు

వినాయకుడికి సెలవు.