కృష్ణా నీళ్లొచ్చే ఇంటికి ఆర్వో అవసరమా?

భవానీపురం కొత్తిల్లు:
విజయవాడలో కొత్తగా అపార్ట్‌మెంట్లో దిగాం. తాగడానికి మున్సిపల్ కుళాయి, వాడకానికి బోరు. ఆర్వో (నీళ్లలోని లవణాల్ని సన్నటి పొరతో వడగట్టే మిషను) అమ్మడానికొచ్చిన కుర్రాడు రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచాడు. మా కుళాయి నీళ్లు బురద రంగుకు తిరిగాయి, వాళ్ల నీళ్లు తేటగానే ఉన్నాయి. అప్పట్నుంచి మా అత్తయ్యగారు కుళాయి నీళ్లు ముట్టట్లేదు, టిన్నులు తెప్పిస్తున్నాం. మావారేమో యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే మిషను) చాలంటున్నారు. ఏది కొనమంటారు?

పటమట పాతకాపు:
అమ్మా, ఆ బురద మీ నీళ్లలోది కాదు, కడ్డీలోది. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే రంగు రాలేదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమనండి, అదీ ఎర్రబడుతుంది.

నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపే టీడీఎస్ మీటరు రెండు మూడొందలకే వస్తుంది, అది కొనండి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. అందులో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదనీ, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చనీ ఉంది. మా కుళాయిలో 300 దాటడం నేను చూడలేదు. అలాంటి నీటికి ఆర్వో పెడితే లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు సింకులో పోతాయి. 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు 2019లోనే చెప్పింది. యూవీతో పాటు యూఎఫ్ (మట్టినీ క్రిముల్నీ ఆపే సన్నటి వడపోత) ఉన్నది తీసుకోండి, చాలు.

అరండల్‌పేట అబ్బాయి:
లెక్కలు బాగున్నాయి బాబాయ్‌గారూ. 2018 మార్చిలో మా గుంటూరులో మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి మనుషులు పోయారు. ఆ నీటికి మీటరు పెట్టుంటే ఎంత చూపించేది? కాలవ నీళ్లు పొలాల పక్కనుంచే వస్తాయి, పురుగుమందుల సంగతేంటి? ప్రాణం కంటే సింకులో పోయే నీళ్లు ఎక్కువా?

పటమట పాతకాపు:
మురుగు సంగతి మీటరు చెప్పదు, ఒప్పుకుంటా. కానీ మురుగులో చంపాల్సింది సూక్ష్మక్రిముల్ని. ఆ పని యూవీ చేస్తుంది, పొయ్యి మీద తెర్లకాచినా అవుతుంది. పురుగుమందుల్ని చాలావరకు కార్బన్ ఫిల్టరు పడుతుంది. అన్నిటినీ పట్టదు, ఆ మేరకు మీ మాట నిజమే.

కానీ ఆర్వో వాళ్లు చెప్పనిది ఒకటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయంటే సర్వీసు కుర్రాడొచ్చి టీడీఎస్ కంట్రోలరు తిప్పిపోతాడు. తిప్పితే ఏమవుతుంది? కొంత నీరు మెంబ్రేన్ (ఆర్వోలో వడగట్టే ఆ పొర) దాటకుండా పక్క దారిన వచ్చి కలుస్తుంది. వేలు పోసి కొన్న మెంబ్రేన్‌ని తప్పించుకున్న నీళ్లే రుచిగా ఉన్నాయని తాగుతున్నాం!

సింగ్‌నగర్ వనిత:
యూవీకి నీళ్లు తేటగా ఉండాలి, అది మర్చిపోవద్దు. వానాకాలంలో కొత్తనీరు ఎర్రగా వస్తే మట్టి చాటున క్రిములు బతికిపోతాయి. మా అమ్మమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది, మట్టంతా అడుక్కి దిగేది. ఇప్పుడా పని ముందుండే సెడిమెంట్ ఫిల్టరుది. అది నల్లబడినా మార్చకపోతే ఏ మిషనైనా దండగే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మా సంపు మొత్తం మునిగింది. కడిగి, బ్లీచింగ్ వేసి, నీళ్లలో మలినాన్ని పసిగట్టే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలో నీళ్లు పోసి పెట్టాను. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలినం ఉన్నట్టు. నల్లబడింది. సంపు మళ్లీ కడిగించాం. ముందు సంపు చూసుకోండి, తర్వాత మిషను.

భవానీపురం కొత్తిల్లు:
మీటరు తెచ్చాం. పొద్దున కుళాయి వదిలినప్పుడు 280. సాయంత్రం అదే కుళాయిలో 870! వాచ్‌మన్‌ని అడిగితే, నీళ్లు చాలకపోతే సంపులోకి బోరు వదులుతాడట.

అరండల్‌పేట అబ్బాయి:
ఇప్పుడు చెప్పండి బాబాయ్‌గారూ.

పటమట పాతకాపు:
ఆ 870కి ఆర్వో పెట్టాల్సిందే, నేనైనా పెడతా. కానీ ముందు అసోసియేషన్ మీటింగులో అడగండమ్మా, కృష్ణా నీళ్లకు వేరే చిన్న ట్యాంకు, వంటింటికి వేరే పైపు వేయించమని. పదిళ్లకూ పది ఆర్వోల కంటే చవక.

అరండల్‌పేట అబ్బాయి:
మీటింగులో పైపు తేలేలోపు ఆ ఇంట్లో రెండు మెంబ్రేన్లు మారతాయి. కొనేయండి అక్కా, కంట్రోలరు మాత్రం ముట్టుకోనివ్వొద్దు.