గోల్ పోస్టు ఊగుతోందని చెబితే 'ఏం కాదు మేడమ్' అంటున్నారు

నిజాంపేట అమ్మ:
మా వాడికి తొమ్మిదేళ్లు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఇంటి దగ్గరే ఉన్న టర్ఫ్‌కి (ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండ్) ఫుట్‌బాల్ కోచింగ్‌కి పంపిస్తున్నాం. వాళ్ల పేరు చెప్పను. సోమ, బుధ, శుక్ర సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. ఆ తర్వాత టర్ఫ్‌ని బాక్స్ క్రికెట్ వాళ్లకి గంటల లెక్కన అద్దెకిస్తారు. అందుకని గోల్ పోస్టులు పాతరు, చక్రాల మీద అటూ ఇటూ జరుపుకుంటుంటారు.

పోయిన బుధవారం ఆట అయ్యాక పిల్లలంతా షూ లేసులు విప్పుకుంటున్నారు. వాళ్లలో ఒకడు పోస్టు పైన అడ్డంగా ఉండే కడ్డీ, క్రాస్‌బార్, పట్టుకుని ఉయ్యాల ఊగాడు. పోస్టు వెనక కాళ్లు జానెడు పైకి లేచాయి. నేను కుర్చీలోంచి లేచేలోపు వాడే దూకేశాడు, అది ధన్‌మని మళ్లీ వెనక్కి కూర్చుంది. దాని ముందు మా వాడు బాసింపట్టు వేసుకుని బాటిల్ మూత తీసుకుంటున్నాడు. వాడికి ఏం జరిగిందో కూడా తెలీదు. కోచ్‌కి చెబితే "ఏం కాదు మేడమ్, మేం ఉన్నాంగా" అన్నాడు. ఉన్నాడు, అవతలి గోల్ దగ్గర, ఫోన్‌లో.

ఇంకోటి కూడా ఉంది, ఇది రాయడానికే నాకు ఇబ్బందిగా ఉంది. కోచ్‌కి పాతికేళ్లుంటాయి. మంచి అబ్బాయే, మా వాడికి ఆయనంటే ప్రాణం. కానీ ఎవరి అమ్మానాన్నలైనా ఆలస్యమైతే ఆ పిల్లాణ్ణి తన బండి మీద ఇంటి దగ్గర దింపేస్తాడు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి విడిగా వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడతాడు. తప్పుగా ఏదీ నా కంట పడలేదు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. మావారేమో "గొడవ చేస్తే మనవాణ్ణి ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెడతారు, వదిలెయ్" అంటున్నారు. నేను ఎక్కువ ఆలోచిస్తున్నానా? అడగాలంటే ఎలా అడగాలి?

పాత గోల్‌కీపర్, బోయిన్‌పల్లి:
ఎక్కువేం కాదమ్మా. ఆ పోస్టు బరువంతా ముందు వైపే ఉంటుంది. నిలువు కడ్డీలు రెండు, క్రాస్‌బార్. వెనక ఉండేది వల నిలబెట్టడానికి సన్నటి గొట్టం, అంతే. పిల్లాడు వేలాడితే అది ముందుకే వస్తుంది, అదీ తల మీదికి. ఇలా పోస్టు పడి బయటి దేశాల్లో పిల్లలు చనిపోయారు. ఆట నియమావళిలో మొట్టమొదటి నియమంలోనే పోస్టుల్ని నేలకి గట్టిగా బిగించాలని ఉంది.

టర్ఫ్‌లో మేకులు దిగవు, దిగనివ్వరు కూడా. ఇసుక బస్తాలే గతి. వెనక గొట్టం మీద రెండు మూలలా నిండు బస్తాలు వేయించండి. వేశాక ఇద్దరు పెద్దవాళ్లు క్రాస్‌బార్ పట్టుకుని ముందుకు లాగి చూడాలి. కదిలిందా, ఇంకో బస్తా. ఆట అయ్యాక పోస్టుని గోడ వైపు తిప్పి గొలుసు వెయ్యాలి.

మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ భారత జట్టుని తీసుకెళ్లి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన ఊరమ్మా ఇది. నా చిన్నప్పుడు మా గ్రౌండ్‌లో పోస్టులు గుంట తవ్వి పాతేవాళ్లు, ఏనుగొచ్చినా కదిలేవి కావు. గంటల అద్దె వచ్చాకే పోస్టులకి చక్రాలొచ్చాయి.

మియాపూర్ కుర్రాడు:
ఈ లెక్కన పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టి ఫోన్ ఇవ్వండి ఆంటీ, సేఫ్‌గా ఉంటారు.

ఈసీఐఎల్ నాన్న:
పై తమ్ముడికి: నిరుడు మా పాప, ఇంకో అమ్మాయి బంతి కోసం ఒకేసారి ఎగిరి తలలు కొట్టుకున్నారు. కోచ్ మొహాన నీళ్లు చల్లి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఆడించాడు. పాప కూడా "బానే ఉన్నా" అంది. కార్లో అడిగిందే నాలుగుసార్లు అడిగింది, స్కోరెంత నాన్నా అని. మౌలాలి దాటేసరికి వాంతి. డాక్టర్‌గారు నన్ను అడిగిన మొదటి మాట, "మళ్లీ ఆటలోకి ఎలా దింపారండీ?" అని. తలకి దెబ్బ తగిలాక తికమక పడినా, తల తిరిగినా, వాంతొచ్చినా ఆ రోజుకి ఆట లేదు, ఆస్పత్రే. తర్వాత కూడా డాక్టర్ సరేనన్నాకే గ్రౌండ్.

అమెరికాలో 2015లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి హెడింగే (బంతిని తలతో కొట్టడమే) వద్దన్నారు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ వయసు పిల్లలకి ప్రాక్టీసులో నేర్పొద్దన్నారు. మీ వాడికి తొమ్మిదే కదా మేడమ్, హెడింగ్ చేయిస్తున్నారేమో ఒకసారి చూసుకోండి.

టీచరమ్మ, సైనిక్‌పురి:
కోచ్ సంగతి గురించి చెబుతాను. "మీ మీద అనుమానం" అన్నట్టు అడిగితే గొడవే. "అందరికీ ఒకే పద్ధతి పెడదాం" అనండి. పిల్లలకి విడిగా మెసేజ్ వద్దు, ఏదున్నా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. ఒక్క పిల్లాడితో ఒక్క పెద్దమనిషి తలుపేసిన గదిలో గానీ బండి మీద గానీ ఉండకూడదు. ఆలస్యమైతే అక్కడే, అందరికీ కనిపించే చోట, ఇంకో పెద్దవాళ్లు తోడుండగా కూర్చోబెట్టాలి. రేపు ఎవరైనా లేనిపోనిది అంటే ఆ కోచ్‌ని కాపాడేది కూడా ఈ పద్ధతే.

క్లబ్ వాళ్లకి ఇదీ తెలియాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందనిపించినా పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. లోపల్లోపల సర్దుకుంటాం అంటే కుదరదు. పిల్లల సాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది, మన ఊళ్లో ఆడవాళ్లకి, పిల్లలకి పోలీసులు నడిపే భరోసా కేంద్రం ఉంది. మీకు ఆ అవసరం రాదనే అనుకుంటున్నా. మీ వాడితో మాత్రం మాట్లాడండి, "ఎవరైనా 'అమ్మకి చెప్పకు' అంటే ముందు నాకే చెప్పు" అని.

నిజాంపేట అమ్మ:
అందరికీ థాంక్స్. శుక్రవారం ఆఫీసులో పర్మిషన్ తీసుకుని, ఇంకో ఇద్దరు అమ్మల్ని వెంటేసుకుని అరగంట ముందే వెళ్లాను. మా వీధిలో కట్టడాలకి కొదవేముంది, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగితే నాలుగు బస్తాల ఇసుక నింపిచ్చాడు. ఒక్కో పోస్టుకి రెండేసి వేసి, బోయిన్‌పల్లి అన్నగారు చెప్పినట్టు క్రాస్‌బార్ లాగాం. కదిలింది! అప్పుడు చూడాలి టర్ఫ్ ఓనర్ మొహం. మాట్లాడకుండా తనే వెళ్లి ఇంకో నాలుగు తెప్పించాడు. ఈసారి కదల్లేదు. గొలుసు కూడా తెస్తానన్నాడు, ఇంకా తేలేదు.

హెడింగ్ నేర్పుతున్నారట. చిన్న బ్యాచ్‌కి ఆపేస్తామన్నారు. వాట్సాప్ మాట ఎత్తగానే కోచ్ మొహం ఎర్రబడింది. కాసేపు ఊరుకుని "గ్రూపులోనే పెడతా మేడమ్" అన్నాడు, ఆ రాత్రే పెట్టాడు కూడా. మా వాణ్ణి బెంచీ మీదేం కూర్చోబెట్టలేదు, మావారికి చూపించాను.

బండి సంగతే తేలలేదు. "మరి మీరు టైముకి రారు, నేనేం చెయ్యను?" అన్నాడు. ఆ మాటకి మా ముగ్గురి దగ్గరా జవాబు లేదు. ప్రస్తుతానికి సోమ, బుధ నా కార్లో నలుగురు పిల్లల్ని దింపుతున్నా. శుక్రవారం నాకు ఆఫీసు ఏడింటి దాకా. నిజాంపేట వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వంతులు వేసుకుందాం.