22వ నిమిషంలో ఆట ఎందుకు ఆగాలి?

ప్రశ్న: ఎడమ వింగ్

క్రికెట్ తప్ప మరో ఆట తెలియని ఇంట్లో పెరిగిన నేను ఫుట్‌బాల్‌కు అలవాటు పడడానికి ముఖ్య కారణం, ఆట మొదలైతే నలభై అయిదు నిమిషాల దాకా సబ్బు ప్రకటనో సిమెంటు ప్రకటనో మధ్యలో దూరకపోవడం. ఆ సుఖం కూడా పోయేటట్టుంది. జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికోల్లో మొదలయ్యే 2026 ప్రపంచ కప్‌లో, ప్రతి మ్యాచ్‌లోనూ రెండు అర్ధభాగాల్లోనూ 22వ నిమిషం ప్రాంతంలో రెఫరీ ఆట ఆపి మూడు నిమిషాల పాటు నీళ్ళ విరామం ఇస్తాడని ఫిఫా 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎండ కాసినా కాయకపోయినా, స్టేడియానికి పైకప్పు ఉన్నా లేకపోయినా ఒకటే పద్ధతి. 104 మ్యాచ్‌లకు 208 విరామాలు, అంటే 624 నిమిషాలు. దాదాపు ఏడు మ్యాచ్‌ల ఆట సమయమంత.

ఒక జట్టు వరుసగా మూడో కార్నర్ సంపాదించి, గోల్ కీపర్ గుద్దిన బంతి పెనాల్టీ పెట్టె అంచునే మళ్ళీ వాళ్ళ కాళ్ళకు దొరికి, ఎదుటి జట్టుకు ఊపిరాడని స్థితిలో ఉందనుకోండి. కాసేపటికి బంతి బయటికి పోగానే రెఫరీ ఈల వేస్తే, కీపర్ హాయిగా తువాలుతో ముఖం తుడుచుకుంటాడు, టీవీలో మనకు కారు ప్రకటన వస్తుంది. ఆటగాళ్ళ ఆరోగ్యమే అసలు ఉద్దేశమైతే, వేడిని కొలిచి అవసరమైన చోటే విరామం ఇవ్వవచ్చు కదా?

జవాబు: మైదానం అంచున

మీ సందేహానికి సగం సమాధానం ఆట నియమావళిలోనే ఉంది. ఏడవ నియమం ప్రకారం నీళ్ళు తాగడానికి ఇచ్చే విరామం ఒక్క నిమిషం దాటకూడదు. ఒంటి వేడి తగ్గించడానికి ఇచ్చేది తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా ఉండవచ్చు. ఇప్పుడు ఫిఫా పేరు మొదటి దానిది పెట్టి, నిడివి మాత్రం రెండవ దానిది తీసుకుంది.

ప్రకటనల కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే సంగతి మరొకటుంది. 2014లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో నెదర్లాండ్స్, మెక్సికో తలపడిన మ్యాచ్‌లో వేడి కారణంగా రెండు అర్ధభాగాల్లోనూ ఇలాంటి విరామం ఇచ్చారు. రెండవ విరామం నాటికి మెక్సికో 1-0 ఆధిక్యంలో ఉంది. ఆ విరామంలో డచ్ కోచ్ లూయీ వాన్ హాల్ ఆటగాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని వ్యూహం మార్చాడు. 88వ నిమిషంలో స్నైడర్, అదనపు సమయంలో పెనాల్టీ ద్వారా హుంటెలార్ గోల్ చేయడంతో మెక్సికో ఇంటిదారి పట్టింది. గెలుపు డచ్చివాళ్ళ ప్రతిభ కాదని నేను అనను. కానీ హాఫ్‌టైమ్ దాకా తన తప్పును తానే మోయవలసిన కోచ్‌కు మధ్యలో దిద్దుకునే అవకాశం ఇస్తే, అది బాస్కెట్‌బాల్ టైమ్ అవుట్ కాక మరేమిటి?

జవాబు: పాత స్కోర్‌బోర్డు

అమెరికాకు ఇది కొత్తేమీ కాదు. 1967లో సీబీఎస్ ఛానెల్ అక్కడి వృత్తి లీగ్ మ్యాచ్‌లను ప్రసారం చేసిన రోజుల్లో ఒక రెఫరీ, తాను ఇచ్చిన 21 ఫౌళ్ళలో 11 కేవలం ప్రకటనలకు వీలు కల్పించడానికేనని ఆట తర్వాత ఒప్పుకొన్నాడు. ఆ లెక్కన ఇప్పటిది కొంత నిజాయితీ గల పద్ధతే, గడియారం చూసి బాహాటంగా ఆపుతున్నారు. అయితే అదే అమెరికా 1994 ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చినప్పుడు అక్కడి ఛానెళ్ళు ఆట నడుస్తుండగా ప్రకటనలకు వెళ్ళకుండా, తెర మీది గడియారం పక్కనే ప్రాయోజకుల చిహ్నం పెట్టి పని కానిచ్చాయి. అప్పుడు కుదిరింది ఇప్పుడెందుకు కుదరదో నాకు అర్థం కావడం లేదు.

జవాబు: డల్లాస్ నుంచి

దయచేసి ఎండను తక్కువ చేసి మాట్లాడకండి. మా అబ్బాయి ఇక్కడ పిల్లల లీగ్‌లో ఆడతాడు; జూన్ నెలలో కృత్రిమ పచ్చిక మీద బూటు అడుగు ఎంత కాలుతుందో, పిల్లలు ఐసు నీళ్ళలో ముంచిన తువాలు మెడకు చుట్టుకుని ఎలా రొప్పుతారో చూసినవాళ్ళెవరూ విరామం వద్దనరు. కాకపోతే ఇక్కడి ప్రపంచ కప్ స్టేడియం ఆర్లింగ్టన్‌లో ఉంది, దానికి మూసే పైకప్పూ ఏసీ కూడా ఉన్నాయి. హ్యూస్టన్, అట్లాంటా స్టేడియాలూ అటువంటివే. అన్ని జట్లకూ ఒకే రకమైన పరిస్థితులు ఉండాలన్నది ఫిఫా వాదన, అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఈ విషయాన్ని ప్రసార సంస్థల సమావేశంలో వెల్లడించడం వల్ల తాటిచెట్టు కింద పాలు తాగినట్టయింది.

జవాబు: మూడో స్లిప్

మన ఐపీఎల్‌లో 2009లో వ్యూహాత్మక విరామం పేరుతో ఏడున్నర నిమిషాలు ఆట ఆపినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? మరుసటి ఏడాది దాన్ని రెండున్నర నిమిషాల ముక్కలుగా కోశారు, ఇప్పుడు అడిగేవారే లేరు. అయినా క్రికెట్‌కు అతుకులు పుట్టుకతోనే ఉన్నాయి. ఓవర్ ముగిసినా వికెట్ పడినా ఆట తనంతట తానే ఆగుతుంది, ఆ సందులో ప్రకటన ఇమిడిపోతుంది. ఫుట్‌బాల్‌కు అటువంటి సందు లేదు కాబట్టి, గుడ్డను కత్తిరించి మరీ అతుకు వేయవలసి వస్తోంది.

ఎడమ వింగ్

అందరికీ ధన్యవాదాలు. డల్లాస్ గారు చెప్పిన పిల్లల సంగతి చదివాక నా కోపం నీళ్ళ మీద కాదని నాకే స్పష్టమైంది. మంచి వేడిలో జరిగే మ్యాచ్‌కు మూడు కాదు, నాలుగు నిమిషాలు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. చల్లని ఏసీ కింద 22వ నిమిషానికి ఈల వేయడమే మింగుడు పడడం లేదు. ఇంకొక్క చిన్న సందేహం: ఈ మూడేసి నిమిషాలను అర్ధభాగం చివర కలుపుతారా?

మైదానం అంచున

కలుపుతారు. విరామాల వల్ల పోయిన కాలాన్ని అదనపు సమయంలో చేర్చాలని అదే ఏడవ నియమం చెబుతోంది. కాబట్టి ఒక్కో అర్ధభాగం యాభై నిమిషాలకు అటూ ఇటూగా సాగుతుంది. ఫైనల్‌కైతే హాఫ్‌టైమ్‌లో సంగీత ప్రదర్శన కూడా ఉంది. మన కాలమానంలో ఆ మ్యాచ్ జూలై 19 అర్ధరాత్రి దాటాక 12:30కు మొదలవుతుంది, మర్నాడు సోమవారం. ఆఫీసుకు సెలవు ఇప్పుడే పెట్టుకోండి.