సమస్య: తలను కోయగానె తల్లి నవ్వె

సీతమ్మధార మాష్టారు:
ఈసారి ఆటవెలది ఆఖరి పాదం ఇస్తున్నా, మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఫోటో ఆల్బం అట్ట మీద పేరు రాయించుకోడం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది కదా, ఆ అట్టా ఆ అక్షరాలూ పద్యంలోకి రావాలి, రాక్షసుల తలలు నరికే పూరణలు వద్దు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదిరే అక్షరం, నాలుగో గణం మొదట పడాలి, ప్రాసయతి (రెండో అక్షరాల జత) వేసినా సరే.

తలను కోయగానె తల్లి నవ్వె

జగదాంబ డీటీపీ:
మాష్టారూ, మా షాపులో చూసిందే రాశా.

బాబు పేరు చూడ పాప పేరుగ మారె
పొల్లు మరచి యచ్చు పోసినంత
కత్తి బట్టి యతడు కడ నకారము యొక్క
తలను కోయగానె తల్లి నవ్వె

బాబు పేరు నవీన్, ఇంట్లోవాళ్లు వాట్సాప్‌లో పంపింది నవీన అని, వినైల్ స్టిక్కర్ అక్షరాలు కాబట్టి మా షాపువాళ్లు అక్కడే కట్టర్ తో తలకట్టు లేపేసి పొల్లు ముక్క అతికించేశారు, ఫాయిల్ (మెరిసే రేకుతో వేడి అచ్చు) కొట్టేసుంటే మాత్రం అట్ట మొత్తం పోయేది.

సీతమ్మధార మాష్టారు:
భలే పట్టావు తమ్ముడూ. రెండో పాదంలో "అచ్చు పోసినంత" సహజంగా పడింది. బాకీ పాకీ యతి చెల్లింది. "యొక్క" ఒక్కటే గణం నింపడానికి వచ్చినట్టుంది, "కడ నకారము మీది" అను, గణమూ చెడదు, తల ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఇంకోటి, పిల్లాడి పేరు కిరణ్ అయ్యుంటే ఈ పూరణ కుదిరేదే కాదు, ణకి తలకట్టే లేదు కదా. నవీన్ దొరకడం నీ అదృష్టం!

బీచ్‌రోడ్ కుర్రాడు:
ఆర్కె బీచి ఫోటొ అట్టపై వేయంగ
నడుమ దూరె నెవడొ నడచి వచ్చి
చుట్టు గీత గీసి చులకగా నాతని
తలను కోయగానె తల్లి నవ్వె

జగదాంబ డీటీపీ:
ఆదివారం సాయంత్రం బీచ్‌లో తీసిన ప్రతి ఫోటోలోనూ ఎవడో ఒకడు ఉంటాడు, అది నిజం. కానీ అక్షరాలేవి బాబూ, ఇది క్రాప్ గురించి కదా.

సీతమ్మధార మాష్టారు:
అవును, అడిగింది అక్షరాలు. "ఫోటొ అట్ట" విసంధి, సంధి కలపాల్సిన చోట కలపలేదు, "ఫోటొ యట్టపై" అను, ఆకి యకి యతి చెల్లుతుంది. ధార మాత్రం బాగుంది, ఆపకు.

గాజువాక అక్క:
నేను ఎండీఎఫ్ చెక్క మీద లేజర్ కటింగ్ చేస్తాను, ఆల్బం అట్టకి అతికించే పేర్లు. నాది చూడండి.

చెక్క పైన పేరు చెక్కించు వేళలో
సరిత లోని కట్టు జారిపోయె
వేరె ముక్క తీసి విడిగ లేజరు తోడ
తలను కోయగానె తల్లి నవ్వె

ప, స, ష, హ చూడండి, తలకట్టు ఒంటికి తగలదు, పైన విడిగా తేలుతుంది. కాగితం మీద పర్వాలేదు, చెక్కలో కోస్తే ఆ చిన్న ముక్క మెషిన్ బెడ్ కింద పడిపోద్ది, వెతుక్కుని ఫెవికాల్ పెట్టి అంటించాలి, అర మిల్లీమీటర్ పక్కకి జరిగినా అక్షరం వంకరగా కనపడతది. అందుకే నేను రామభద్ర లాంటి లావు ఫాంటే తీసుకుంటాను, లక్కిరెడ్డి ఫాంట్ చేతిరాతలా ముద్దుగానే ఉంటది గానీ దాన్ని ఫాయిల్‌కి ఉంచుకోండి. లేదంటే పేరు వెనక పలచటి పట్టీ ఇచ్చి అన్నీ దానికే కలిపేయడం మేలు.

బీచ్‌రోడ్ కుర్రాడు:
అక్కా, మా అన్నయ్య పేరు రాజ్‌కుమార్, ఎక్కడ రాయించినా రాజ్కుమార్ అనే వస్తంది, ఏటి చెయ్యాలి?

జగదాంబ డీటీపీ:
పొల్లుకీ కకీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ పడాలి, కంటికి కనపడని క్యారెక్టర్ అది, లేకపోతే క వెళ్లి జ కింద వత్తైపోద్ది. పడ్డాక టెక్స్ట్‌ని కర్వ్స్ (అక్షరాల్ని బొమ్మ గీతలుగా) చేసి ఇవ్వు, అవతల సిస్టమ్‌లో ఫాంట్ లేకపోయినా చెదరదు.

సీతమ్మధార మాష్టారు:
సకి జాకి యతి వేసింది అక్క, చాలామందికి గుర్తుండదు అది. "చెక్క" "చెక్కించు" కూడా చక్కగా కలిశాయి. "తోడ" కొంచెం పాత వాసన, అయినా నాకైతే ఈసారి అక్కదే మొదటిది. తమ్ముడూ, నువ్వు మూడో పాదం దిద్ది మళ్లీ పెట్టు.

జగదాంబ డీటీపీ:
కత్తి బట్టి యతడు కడ నకారము మీది
తలను కోయగానె తల్లి నవ్వె

ఇలాగే ఉంచేస్తా మాష్టారూ. వచ్చే సమస్య గుడి మీద ఇవ్వండి, మా దగ్గర గుడికీ గుడిదీర్ఘానికీ రోజూ గొడవే.